ఆరో బిళ్ల

ఆ వీధిలో లేతమ్మ అంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరేదో బ్యాంకు పాసుబుక్కులో ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. పెరట్లో రేకుల షెడ్డు కింద లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ పెట్టుకుని బుష్‌లూ షాఫ్టులూ తిప్పే ఆడమనిషి కాబట్టి లేత్ అమ్మ. అది అరిగి అరిగి లేతమ్మ అయింది. పేరులో ఎంత ఉన్నా మనిషిలో లేతదనం మచ్చుకైనా కనిపించదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపమూ ఆ లేతూ రెండూ తండ్రి దగ్గర నుంచే వచ్చాయని ఇరుగుపొరుగు అనేవారు. నిజమే.

తండ్రిని అందరూ ఫోర్‌మన్ అనే పిలిచేవారు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక ఇంట్లోనే ఫోర్‌మన్‌గిరీ మొదలుపెట్టిన మనిషి. వెనక వరండాలో ఒక బల్ల, బల్ల వెనక ఒక కుర్చీ. లేతమ్మ చేసిన ప్రతి వస్తువూ శుభ్రంగా తుడిచి ఆ బల్ల మీద వరసగా పెట్టాలి. ఆయన కళ్లు మూసుకుని కుడిచేతి బొటనవేలితో దాని ఒళ్లంతా ఒకసారి నిమురుతాడు. బాగుంటే కుడి పక్కకి జరుపుతాడు. బాగోలేకపోతే ఎడమ పక్కకి. అంతే. మైక్రోమీటరు పట్టుకుని కొలిచినా చివరికి తేలేది అదే. "బాగుంది" అన్న మాట ఆయన నోట ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఎడమ పక్కకి జరిపిన ప్రతిసారీ మాత్రం లేతమ్మ గయ్యిమని లేచేది, ఆయనా తగ్గేవాడు కాదు, ఆ అరుపులకి పక్కింటివాళ్లు రేడియో వాల్యూమ్ పెంచుకునేవారు.

నాలుగు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పోయాయి. మాట కూడా పోయింది. చెప్పింది వినిపిస్తుంది, అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే "దా... దా" అన్న ఒక్క శబ్దమే వస్తుంది. నీళ్లు కావాలన్నా దా, ఫ్యాన్ ఆపమన్నా దా. రెండు మూడుసార్లు అని, ఎదుటివాళ్లకి అర్థం కాకపోతే మొహం గోడవైపు తిప్పుకుంటాడు. ఇక ఆ పూటకి ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు.

మాటలు నేర్పే డాక్టరమ్మ వారానికోసారి వచ్చేది. మంచి మనిషి, ఓపిక గలది. మొదట బొమ్మల కార్డులు తెచ్చింది. ఫోర్‌మన్ వాటిని ఎడమచేత్తో నలిపి ఉండ చేశాడు. తర్వాత రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు తెచ్చింది. నీలం చూపిస్తే నీళ్లు, ఎరుపు చూపిస్తే నొప్పి, పసుపు ఆకలి, ఆకుపచ్చ బయటికి, నలుపు బాత్‌రూమ్. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మొహం చిట్లించి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. మిగతా నాలుగూ దాని వెనకే వెళ్లాయి.

"ఎడమచెయ్యి కూడా మాట వినట్లేదమ్మా. స్పూన్ పట్టుకోమన్నా పట్టుకోవట్లేదు. ఇష్టం చచ్చిపోతే కష్టం. మొదటి ఆరు నెలలే కీలకం, తర్వాత ఎంత చేసినా అంతంతమాత్రమే" అంది డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ.

ఆ మాట ఒకటి. దానికంటే ఎక్కువగా లేతమ్మని కుంగదీసింది ఇంకొకటి ఉంది. ఆ ముందు వారం ఒక రోజంతా ఆయన దా దా అంటూనే ఉన్నాడు. లేతమ్మ నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, ఫ్యాన్ వేసింది, ఆపింది, చివరికి విసుగెత్తి "ఏం కావాలో చెప్పి చావొచ్చుగా!" అని అరిచింది. సాయంత్రం చెల్లెలు వచ్చి పడిపోయిన కాలికి ఊతంగా కట్టిన పట్టీ విప్పితే మడమ దగ్గర పుండు పడి ఉంది. పట్టీ బకిల్ పొద్దున్నుంచీ అక్కడే ఒరుసుకుంటోంది. చెప్పి చావమంది తను. ఆయన పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ ఆరు నెలల మాట అన్న రోజే నిర్ణయించుకుంది. ప్లాస్టిక్ అంటే ఆయనకి జీవితంలో గౌరవం లేదు. లోహం అయితే పట్టుకుంటాడు. అల్యూమినియం కడ్డీ కోసి బిళ్లలు తిప్పుతుంది, అంచులు గుండ్రం చేస్తుంది, తాడుకి కట్టుకునేందుకు చిన్న రంధ్రం వేస్తుంది. మరి రంగు? పెయింటు వేస్తే గోరుతో గీకి పారేస్తాడు. రంగు లోహం లోపలికే దిగాలి.

చెల్లెలు ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటుంది. ఆమెకి అక్కని చూస్తే భయం. యాసిడ్‌ని చూస్తే ఇంకా ఎక్కువ భయం. అక్క మాట కాదనలేక ఒక ఆదివారం వచ్చి విడమరిచి చెప్పింది. పల్చటి యాసిడ్‌లో బిళ్లని వేలాడదీసి కరెంటు పంపిస్తే అల్యూమినియం పైన కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలతో ఒక పొర పెరుగుతుంది. తేనెపట్టు అనుకో. గోరువెచ్చటి రంగునీళ్లలో ముంచితే రంగు ఆ గదుల్లోకి దిగుతుంది. తర్వాత అరగంట మరిగే నీళ్లలో వేస్తే గదుల తలుపులు మూసుకుపోతాయి, ఇక ఆ రంగు బయటికి రాదు.

"ఇంతేనా?" అంది లేతమ్మ.

"ఇంతే కాదు. ఇదిగో" అని చెల్లెలు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకి వేలాడదీసింది. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, మోచేతుల దాకా గ్లౌజులు, ప్లాస్టిక్ ఆప్రాన్ లేకుండా తొట్టి దగ్గరికి రాకూడదు. తొట్టి పెరట్లో ఆరుబయటే, షెడ్డులో కాదు. బుడగలుగా లేచే గ్యాసుకి నిప్పు తగిలితే అంటుకుంటుంది కాబట్టి చుట్టుపక్కల స్టవ్వు గానీ అగ్గిపుల్ల గానీ ఉండకూడదు. పక్కనే వంట సోడా కలిపిన బక్కెట్టు. వంటగది గిన్నె ఒక్కటి కూడా ఈ పనికి వాడకూడదు. నాన్న కుర్చీ తొట్టికి పది అడుగుల అవతలే.

"నాకు నువ్వు చెప్తావా?" అంది లేతమ్మ.

"యాసిడ్ విషయంలో చెప్తాను."

లేతమ్మ గ్లౌజులు తొడుక్కుంది. మిషన్ దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూసిన మనిషి, నియమాల విలువ తెలుసు. అట్టముక్కలో ఉన్నది ఉన్నట్టు తు.చ. తప్పకుండా చేసింది. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఏమిటో ఆమెకి అప్పటికి తెలియదు.

మొదటి విడతలో ఆరు బిళ్లలు. ఐదు రంగులకి ఐదు, పొరపాటు జరిగితే ఉంటుందని ఆరోది. సబ్బుతో తోమి, కాస్టిక్ సోడా నీళ్లలో క్షణం ముంచి, కడిగి, అల్యూమినియం తీగలకి కట్టి తొట్టిలో వేలాడదీసింది. తొట్టికి రెండు వైపులా సీసం రేకులు. తొట్టి చుట్టూ ఐసు కట్టిన నీళ్ల సీసాలు, వేడెక్కకుండా. కరెంటు పెట్టగానే సన్నటి బుడగలు లేచాయి. గంటసేపు కదలకుండా కూర్చుని థర్మామీటరు చూసింది. తర్వాత బిళ్లలు తీసి సోడానీళ్లలో, మంచినీళ్లలో, చివరికి డిస్టిల్డ్ వాటర్‌లో కడిగింది. పిండి ఆరేసిన మెత్తటి గుడ్డతో తుడిచి, వరండా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి వరసగా పేర్చింది. షెడ్డులోకి వెళ్లి కరెంటు పొయ్యి మీద రంగు డబ్బాలు వేడి చేసుకుంది. అరవై డిగ్రీలు దాటకూడదు. ఐదు డబ్బాలు అరవైకి తేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

రంగులోంచి నీలం బిళ్ల తీసి వెలుతురుకి పట్టుకుంది. రంగు మాట చెప్పక్కర్లేదు, అద్భుతం. కానీ సరిగ్గా మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక తెల్లటి మచ్చ. ఎరుపు తీసింది, మచ్చ. పసుపు, మచ్చ. ఆరింటికి ఆరూ అంతే.

"గ్రీజు అయ్యుంటుంది అక్కా. సరిగ్గా తోమలేదేమో" అంది చెల్లెలు ఫోనులో.

"నేను తోమలేదా? తోమితే వేలిముద్రలు అరిగిపోయాయే!"

రెండో విడతకి కొత్త కడ్డీ కోసింది. సబ్బు మార్చింది, రెండుసార్లు తోమింది. యాసిడ్ తొట్టి మార్చింది. మళ్లీ గంట, మళ్లీ ఇరవై నిమిషాలు. మళ్లీ మచ్చలు. ఈసారి రెండేసి కూడా ఉన్నాయి.

"బుడగ అంటుకుని ఉంటుందేమో, గాలి బుడగ..." అంది చెల్లెలు.

మూడో విడతలో అరగంటకోసారి తీగలు కదిపింది. రంగు మార్చింది. నీళ్లు మార్చింది. పవర్ సప్లై అమ్మినవాడిని తిట్టింది, యాసిడ్ అమ్మినవాడిని తిట్టింది, కడ్డీ అమ్మినవాడి ఏడు తరాలనీ తిట్టింది. వాళ్లలో ఒక్కడి తప్పూ లేదు పాపం. మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తల ప్రాణం తోకకి వచ్చింది. పేరుకుపోతున్న పనికిరాని బిళ్లల్ని రేకుడబ్బాలో వేస్తుంటే అవి చేసే చప్పుడుకి కూడా ఒళ్లు మండింది. డాక్టరమ్మ చెప్పిన ఆరు నెలల్లో ఇంకో రెండు వారాలు ఇలా కరిగిపోయాయి. ఆ రెండు వారాల్లో ఫోర్‌మన్ గోడవైపు తిరిగిన పూటలు ఎన్నో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

ఇంకో చికాకు కూడా ఉంది, చిన్నదే. ఆరు బిళ్లలు వరసగా పేర్చి వెళ్తుందా, తిరిగొచ్చేసరికి వాటిలో ఒకటి వరస తప్పి ఎడమ పక్కకి జరిగి ఉంటుంది. ప్రతిసారీ. గాలనుకుంది. గాలికి అల్యూమినియం బిళ్ల కదులుతుందా అని అప్పుడు ఆలోచించలేదు, కోపంలో ఉన్న మనిషికి అంత తీరిక ఉండదు. గుడ్డ ముడత పడిందేమో అనుకుని సర్దుకుంది.

మూడో విడత మచ్చల్ని ఆదివారం చెల్లెలు భూతద్దం పెట్టి చూసింది.

"అక్కా, ఇది వేలిముద్ర."

"నేను గ్లౌజులు తియ్యనే లేదు!"

"ఏమో. గీతలు కనిపిస్తున్నాయి చూడు. పొర మీద చర్మం జిడ్డు అంటితే ఆ గదుల్లోకి రంగు దిగదు. కడిగాక డిస్టిల్డ్ వాటర్‌లోనే ఉంచావు కదా, రంగు వేడయ్యేదాకా?"

"నీళ్లలో ఎందుకుంచుతాను? తుడిచి పెట్టాను."

"అట్ట మీద రాశానుగా, నీళ్లలోనే ఉంచమని! కింద, చివర్లో!"

చూస్తే నిజంగానే ఉంది. చివరి వాక్యం. లేతమ్మ దాన్ని చదివే ఉంటుంది కూడా. కానీ ఇరవై ఏళ్లుగా ఇనుముతో బతికిన చెయ్యి తయారైన వస్తువుని తడిగా వదిలేయదు. తుప్పు పడుతుంది. తుడిచి, బల్ల మీద వరసగా పెడుతుంది. అది చదివి చేసే పని కాదు, చదివి మానే పనీ కాదు.

"సరే, తుడిచాను. తుడిస్తే వేలిముద్ర ఎక్కణ్నుంచి వస్తుంది? గుడ్డకి వేళ్లుంటాయా?" అని చెల్లెలి మీదే ఎగిరింది. చెల్లెలు భూతద్దం సంచిలో వేసుకుని, సాయంత్రం పనుందని చెప్పి వెళ్లిపోయింది. పని ఏమీ లేదు.

ఆమె వెళ్లాక లేతమ్మ గ్లౌజు తీసి తన కుడి బొటనవేలిని మచ్చ మీద పెట్టి చూసింది. కుదరలేదు. మచ్చ అవతలి వైపుకి వాలి ఉంది. ఎలా తిప్పినా ఆ వాలు రావట్లేదు. ఎడమ బొటనవేలు పెడితే వచ్చింది, కానీ తన వేలికంటే మచ్చ బాగా వెడల్పు. చిర్రెత్తుకొచ్చి బిళ్లని డబ్బాలోకి విసిరింది. ఆలోచన అక్కడే ఆగింది. ఇంకొక్క అడుగు వేస్తే అసలు సంగతి దొరికేది.

నాలుగో విడత మంగళవారం మధ్యాహ్నం. ఈసారి నీళ్లలోనే ఉంచాలనుకుంది. గిన్నె కూడా సిద్ధంగా పెట్టుకుంది. కానీ కడగడం పూర్తయ్యేసరికి చేతులు వాటంతటవే తుడిచేశాయి, బల్ల మీద పేర్చేశాయి. షెడ్డులోకి వెళ్లి పొయ్యి స్విచ్ వేశాక గుర్తొచ్చింది. నాలుక కరుచుకుంటూ గిన్నె పట్టుకుని వరండాలోకి తిరిగొచ్చింది.

ఫోర్‌మన్ కుర్చీలో ముందుకి వంగి ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాయి. పడిపోయిన కుడిచెయ్యి ఒడిలో ఉంది. ఎడమచెయ్యి, స్పూన్ పట్టుకోనన్న ఎడమచెయ్యి, ఒక బిళ్లని నాలుగు వేళ్ల మీద నిలబెట్టుకుని బొటనవేలితో నిమురుతోంది. మధ్యలో మొదలుపెట్టి అంచు దాకా, అంచు వెంట చుట్టూ, చివరికి రంధ్రం దగ్గరికి. నెమ్మదిగా, ఒక్క వణుకు లేకుండా. నిమిరి, ఎక్కడి బిళ్లని అక్కడ పెట్టి, తర్వాతది తీసుకున్నాడు.

లేతమ్మ చేతిలో గిన్నె నేల మీద పడింది.

మొదట భయం వేసింది. యాసిడ్! పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని సోడానీళ్లలో ముంచింది, మంచినీళ్లతో కడిగింది, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఏమీ కాలేదు, బిళ్లలు శుభ్రంగా కడిగినవే. భయం పోగానే కోపం వచ్చింది. రెండున్నర వారాల కోపం, నాలుగు విడతల కోపం, అంతకు ముందు నాలుగు నెలలది కూడా కలిపి వచ్చింది.

"నువ్వా! నువ్వా నాన్నా ఇదంతా చేస్తోంది! ఎవరి కోసం చస్తున్నాను నేనిక్కడ? ఈ గ్లౌజుల్లో చేతులు నానిపోయి, ఆ తొట్టి ముందు కాపలా కాస్తూ? నీకు నోరు తెచ్చిపెడదామని నేను చూస్తుంటే నువ్వే దాన్ని నాశనం చేస్తావా? ఒక్క బిళ్ల వదిలావా? ఇరవై నాలుగు బిళ్లలు! ఇరవై నాలుగు!"

పక్కింట్లో రేడియో గొంతు పెరిగింది. నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి.

ఫోర్‌మన్ ఆమె వైపు చూశాడు. గోడవైపు కాదు, ఆమె వైపే. "దా" అన్నాడు. తడిచేత్తో ఒక బిళ్లని బల్ల మీద ఎడమ పక్కకి జరిపాడు.

"ఏంటి? ఏం తక్కువైంది దానికి?"

"దా." ఇంకాస్త జరిపాడు.

లేతమ్మ గ్లౌజు పీకేసి బిళ్ల అందుకుంది. అంచు బాగుంది. ముఖం బాగుంది. రంధ్రం దగ్గరికి వచ్చేసరికి వేలికి చురుక్కుమంది. డ్రిల్ బయటికొచ్చిన వైపు అంచున సన్నటి ముల్లు లేచి ఉంది. ఆరింటిలో ఐదింటికి తీసింది. ఆరోది స్పేరే కదా, ఎవరు చూస్తారులే అని వదిలేసింది. నాలుగు విడతల్లోనూ అదే చేసింది.

రేకుడబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. వెతికితే ముల్లున్నవి ఇంకో మూడు దొరికాయి. విడతకి ఒకటి. విడతకి ఒకటి ఎడమ పక్కకి జరిగింది.

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. కోపం ఇంకా పోలేదు, కానీ అది ఇప్పుడు ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. ఇరవై ఏళ్లుగా చేసిన పనిని తుడిచి ఈ బల్ల మీద, ఈయన ముందు, వరసగా పెట్టింది ఎవరు? తనే. చూడమని పెట్టింది. ఆయన చూశాడు. బాగోలేదని చెప్పాడు కూడా, నాలుగుసార్లు చెప్పాడు. తను గుడ్డ ముడత సర్దుకుంది. మడమ పుండు గుర్తొచ్చింది. మాట లేనిది నాన్నకా, చెవులు లేనిది నాకా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లమీద కూడా ఆమెకి కోపమే వచ్చింది.

మంగళవారం విడతలో ముల్లున్న ఆ బిళ్లని మాత్రం కసికొద్దీ రంగులో ముంచింది. చెల్లెలికి రుజువు చూపించాలి కదా. ఐదు డబ్బాల అడుగూ కలిపిన నీళ్లలో ముంచితే ఏ రంగో చెప్పలేని రంగు వచ్చింది, మట్టికీ బెల్లానికీ మధ్య. దాని నడుమ తెల్లగా, గీతలతో సహా, ఫోర్‌మన్ ఎడమ బొటనవేలు. ముల్లు తీసేసి, మరిగే నీళ్లలో వేసి, ఫోటో తీసి పంపి, బల్ల మీద పడేసింది.

"అయితే నాన్నని దూరంగా కూర్చోబెట్టు, సరిపోతుంది" అంది చెల్లెలు ఫోనులో.

"నువ్వు ల్యాబ్ చూసుకో" అని పెట్టేసింది లేతమ్మ.

ఐదో విడతకి వరస మార్చింది. తిప్పిన బిళ్లల్ని తోమకముందే, యాసిడ్ మొహం చూడకముందే ఆయన ముందు పెట్టింది. "చూడు. ఎంతసేపు చూస్తావో చూడు. జిడ్డంతా ఇప్పుడే పుయ్యి" అంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఐదింటిలో మూడు కుడి పక్కకి వెళ్లాయి, రెండు ఎడమ పక్కకి. ఆ రెండింటిలో ఏ లోపముందో ఆమె బొటనవేలికి మొదట అందలేదు. పళ్లు కొరుకుతూ ఇంకోసారి తడిమితే ఒకదాని అంచులో వెంట్రుకవాసి మెట్టు. మళ్లీ తిప్పింది. మళ్లీ ఎడమ పక్కకి. మూడోసారికి కుడి పక్కకి పోయింది. ఆ తర్వాతే తోమడం, తొట్టి, గంట. కడిగాక ఈసారి నీళ్లలోనే ఉంచింది. చేతులు తుడవబోతుంటే "ఆగండే" అని చేతులనే తిట్టింది.

రంగుల్లోంచి తీస్తే ఒక్క మచ్చ లేదు. నీలం నీలంగా, ఎరుపు ఎరుపుగా, అల్యూమినియం మెరుపు లోపలి నుంచి కనిపిస్తూ. అరగంట మరిగించి, ఆరబెట్టి, తోలు తాడుకి గుచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. బిళ్లలు చూసి ముచ్చటపడింది. ఒక్కొక్కటే చూపిస్తూ "ఇది నీళ్లు, ఇది నొప్పి" అని గంటసేపు చెప్పింది. ఫోర్‌మన్ విన్నాడు. ఐదింటినీ బొటనవేలితో నిమిరాడు. విసిరేయలేదు. అడిగితే మాత్రం ఒక్కటీ చూపించలేదు. "నీళ్లు కావాలంటే ఏది?" అంటే ఆమె వంక అలా చూస్తూ కూర్చున్నాడు. గోడకి చెప్పినట్టే అయింది.

"విసిరేయకపోవడం కూడా మంచిదే" అంది డాక్టరమ్మ. నమ్మకం లేని గొంతు.

ఆమెని సాగనంపి లేతమ్మ షెడ్డులోకి వెళ్లిపోయింది. ఐదు విడతలు, మూడు వారాలు, మిగిలింది విసిరేయకపోవడం! ఎవరిదో పంపు బుష్, ఇరుసు తిరిగే గొట్టం ముక్క, సగంలో ఆగి ఉంది. మిషన్ ఆన్ చేసింది. ఏడుపొచ్చినప్పుడు ఆమె చేసే పని అదే. చప్పుడులో ఏదీ వినపడదు.

అయినా వినపడింది. టక్, టక్, టక్. మిషన్ ఆపింది. ఆగకుండా టక్ టక్. వరండాలోకి వచ్చి చూస్తే ఫోర్‌మన్ బిళ్లతో బల్ల మీద కొడుతున్నాడు. తాడుకి గుచ్చిన ఐదింటిలోదీ కాదు. మట్టిరంగుది, వేలిముద్రది, ఆరోది.

"అదేంటి? దానికి మాటే లేదు నాన్నా. అది ట్రయల్ ముక్క. ఇవి చూపించు. నొప్పా? ఆకలా?"

టక్. బిళ్ల పట్టుకున్న చేత్తోనే షెడ్డు వైపు చూపించాడు. తర్వాత బల్ల మీద తన ముందు, ఖాళీ చోట పెట్టాడు. మళ్లీ షెడ్డు వైపు.

లేతమ్మ వెనక్కి వెళ్లింది. బుష్ చివరి కోత పూర్తి చేసి, ఊడదీసి, తుడిచి, తెచ్చి ఆ ఖాళీ చోటులో పెట్టింది. ఆయన ఆరో బిళ్లని పక్కన పెట్టి బుష్ అందుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు లోపలి గోడ వెంట చుట్టూ తిరిగింది.

ఎడమ పక్కకి జరిపాడు.

"ఏంటి? ఎడమా? కొలిచి చేశాను! వెంట్రుకవాసి తేడా లేదు! నీకు ఆ వేలే సరిగ్గా లేదు, కుడిచేతి వేలు అయితే ఒప్పుకునేదాన్ని. పంపులో తిరిగే బుష్‌కి ఇంత నునుపు ఎందుకట? నీ ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయింది, ఇంకా ఫోర్‌మన్‌వే అనుకుంటున్నావా?"

"దా! దా దా!" ఆయన గొంతు కూడా లేచింది. ఎడమచెయ్యి బల్ల మీద దబదబ కొట్టింది. పక్కింట్లో రేడియో గట్టిగా పాడసాగింది. ఈమె బుష్‌ని మధ్యకి తెస్తే ఆయన మళ్లీ ఎడమకి తోశాడు. ఈమె మళ్లీ తెచ్చింది. ఆయన మళ్లీ తోశాడు. అలా ఎంతసేపు పోట్లాడుకున్నారో గానీ ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

అప్పుడు ఫోర్‌మన్ ఆగాడు. ఎండిపోయిన పెదాలు నాలుకతో తడుపుకున్నాడు. తోలు తాడు దగ్గరికి లాక్కుని, ఐదు బిళ్లల్ని వేళ్లతో వేరుచేసి, నీలం దాన్ని పైకెత్తి ఆమె మొహం ముందు పట్టుకున్నాడు.

లేతమ్మ లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని సగం తాగాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఆమె కొంగుతో తుడుస్తుంటే ఆయన ఖాళీ గ్లాసుని బల్ల మీద కుడి పక్కకి జరిపాడు.

బుష్ మాత్రం ఎడమ పక్కనే ఉంది. లేతమ్మ దాన్ని తీసుకుని షెడ్డులోకి నడిచింది.